ఒక్క అంగుళం కిందికి: పాత మస్టాంగ్ కొన్న మేనల్లుడికి లేఖ

డియర్‌బర్న్, మిషిగన్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన ఫోటోలు అందాయి. 289 ఘనపు అంగుళాల వీ-ఎయిట్ ఇంజిన్ ఉన్న 1966 మస్టాంగ్ కొన్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ముందు సస్పెన్షన్‌లో పై ఆర్మ్‌ను, అంటే చక్రాన్ని బాడీకి కలిపే పై చేతిని, బిగించే రంధ్రాలను ఒక అంగుళం కిందికి మార్చాలనుకుంటున్నాననీ, వచ్చే శని ఆదివారాల్లో పని ముగించేస్తాననీ రాశావు. పని మంచిదే, చేయదగినదే. కానీ రెండు రోజుల్లో ముగిసేది మాత్రం కాదు. రంధ్రాలు వేయడానికి గంట చాలు. దానికి ముందు జరగాల్సిన పరీక్షకూ కొలతలకూ, ఆ తరువాతి అలైన్‌మెంట్‌కూ (చక్రాల కోణాలు సరిచేయడానికీ) మూడు వారాంతాలు పక్కన పెట్టుకో. ముప్ఫై ఏళ్లలో ఈ పని మూడు కార్లకు నా చేతులతో చేసినవాడిని కనుక ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

మొదట, ఈ మార్పు ఎందుకో నీ మనసులో స్పష్టంగా ఉండాలి. కారు కిందికి దిగి అందంగా కనిపించడం కోసం దీన్ని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కారు అర అంగుళం పైచిలుకు దిగే మాట నిజమే. ఈ కారులో స్ప్రింగ్ పై ఆర్మ్ మీదే కూర్చుంటుంది కాబట్టి, ఆర్మ్ ఇరుసు కిందికి జరిగితే స్ప్రింగ్ పీట కూడా కొంత దిగుతుంది. అయితే అది ఈ పనికి వెంట వచ్చే ఫలితం మాత్రమే. అసలు ప్రయోజనం కాంబర్‌లో, అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందన్న దానిలో ఉంది.

ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్‌లో మస్టాంగ్‌ను విడుదల చేసినప్పుడు, ధర తక్కువగా ఉంచడం కోసం ఫాల్కన్ అనే చిన్న కుటుంబ కారు అడుగుభాగాన్నే వాడుకుంది. ఆ అమరికలో పై ఆర్మ్ లోపలి చివర, అంటే షాక్ టవర్‌కు (ఇంజిన్ పక్కన స్ప్రింగును మోసే రేకు గూడుకు) బిగించిన చివర ఎత్తుగానూ, చక్రం వైపున్న బాల్ జాయింట్ (గుండు కీలు) పల్లంగానూ ఉంటాయి. గోడకు కొట్టిన మేకు నుంచి కిందికి వాలి ఉన్న కర్రను ఊహించుకో. దాని బయటి కొసను పైకి ఎత్తితే, కర్ర అడ్డంగా నిలిచేదాకా ఆ కొస గోడకు దూరంగా జరుగుతూనే పోతుంది. మస్టాంగ్‌లోనూ ఇదే జరుగుతుంది. మలుపులో కారు బయటి పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క చక్రం పైకి పోతుంది, బాల్ జాయింట్ బయటికి జరుగుతుంది, టైరు పైభాగం బయటికి వాలుతుంది. దీన్నే పాజిటివ్ కాంబర్ అంటారు. కారు బరువంతా మోయాల్సిన టైరు సరిగ్గా అప్పుడే తన బయటి అంచు మీద నిలబడుతుంది. మలుపులో ముందుభాగం తిరగకుండా నేరుగా పోతున్నట్టు అనిపిస్తోందని నువ్వు రాశావు చూడు, దానికి పెద్ద కారణం ఇదే. ఆర్మ్ ఇరుసును ఒక అంగుళం దించితే ఆర్మ్ దాదాపు అడ్డంగా నిలుస్తుంది. అక్కడి నుంచి చక్రం పైకి పోయేకొద్దీ బాల్ జాయింట్ లోపలికి జరుగుతుంది, టైరు పైభాగం లోపలికి వాలుతుంది, బాడీ ఎంత ఒరిగినా టైరు నేలను నిండుగా పట్టుకునే అవకాశం పెరుగుతుంది. దీనితోపాటు ముందు రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు) కొంత పైకి వస్తుంది కాబట్టి, స్ప్రింగులు మార్చకుండానే ఒరుగుడు కూడా తగ్గుతుంది.

ఈ ఉపాయం ఫోర్డ్‌లో సస్పెన్షన్ ఇంజినీరుగా పనిచేసిన క్లాస్ ఆర్నింగ్‌ది. కారాల్ షెల్బీ కంపెనీ కాలిఫోర్నియాలో తయారుచేసిన 1965 నాటి జీటీ 350 కార్లలో దీన్ని వాడారు కాబట్టి లోకం దీన్ని షెల్బీ డ్రాప్ అని పిలుస్తుంది. ఆర్నింగ్ పేరు కూడా కలిపి చెప్పడం న్యాయమని నా అభిప్రాయం. ఆ కారు మొదటి పందెం గెలిచింది నువ్వు ఉంటున్న డాలస్‌కు దగ్గర్లోనే. 1965 ఫిబ్రవరి 14న గ్రీన్ వ్యాలీ ట్రాక్ మీద కెన్ మైల్స్ దాన్ని నడిపాడు. తరువాత 1966లో ఖర్చు తగ్గించుకోవడానికి షెల్బీ కార్లలోనే ఈ మార్పును మానేశారు. కొత్త రంధ్రాలు వేసి ఆర్మ్‌ను దించే పని, ఒక్కో కారుకు ఎంత కొంచెం సమయం పట్టినా, వరసగా కార్లు తయారుచేసే చోట భారమే అవుతుంది. నీకు ఆ ఒత్తిడి లేదు.

కారు వరస సంఖ్యలో ఐదో అక్షరం సి అని రాశావు. అంటే అది రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో 200 హార్స్‌పవర్‌కు వచ్చిన మామూలు 289. అదే కె అయి ఉంటే, 271 హార్స్‌పవర్ ఉన్న అరుదైన కారు కాబట్టి, డ్రిల్లు దగ్గరికి కూడా పోవద్దని చెప్పి ఉండేవాడిని. సి కారుకు ఈ మార్పు వల్ల విలువ తగ్గేదేమీ లేదు. పైగా పాత రంధ్రాలను పూడ్చకుండా వదిలేస్తే, ఎప్పుడైనా ఆర్మ్‌ను మళ్లీ మొదటి చోటికి ఎక్కించవచ్చు.

ఇప్పుడు కారు ఆరోగ్యం సంగతి. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ముందు చక్రాల బరువు మొత్తం రెండు షాక్ టవర్ల మీద పడుతుంది. అరవై ఏళ్లుగా గుంతల దెబ్బలు తిన్న రేకు అది. పనిముట్టు పట్టుకునే ముందు టవర్లను తీగ బ్రష్షుతో రుద్ది, మంచి వెలుగులో, ఆర్మ్ బోల్టుల చుట్టూ, టవర్ అడుగున ఫ్రేమ్ పట్టీకి అతుకు ఉన్న చోటా వెంట్రుక మందం పగుళ్లు ఉన్నాయేమో చూడు. మీద పూసిన రంగును నమ్మవద్దు. పగులు కనిపిస్తే ముందు దాన్ని వెల్డింగుతో సరిచేయించిన తరువాతే రంధ్రం ఆలోచన. కుడి పక్కన బ్యాటరీ కూర్చునే రేకును మరీ శ్రద్ధగా చూడాలి. యాసిడ్ కారి అక్కడ తుప్పు పట్టడం ఈ కార్లలో చాలా మామూలు. రెండు టవర్ల మధ్య దూరాన్ని కూడా కొలిచి రాసుకో. కాలక్రమాన టవర్లు లోపలికి ఒరిగిన కార్లను చూశాను. అలాంటి కారులో టవర్ల మధ్య వేసే అడ్డకడ్డీ బోల్టులు తమ రంధ్రాలకు అందవు. ఒరిగిన టవర్ మీద ఎంత సరిగ్గా రంధ్రం వేసినా లాభం లేదు.

దీని తరువాత వచ్చేది కొలత. ఈ ఉత్తరంలో నేను నొక్కి చెప్పదలచుకున్నది దీన్నే. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా డ్రిల్లు పడతారు. పని అయ్యాక కారు బాగుపడిందా, లేక బాగుపడిందని తమకు అనిపిస్తోందా అన్నది వాళ్లకు ఎప్పటికీ తెలియదు. నువ్వు అలా చేయవద్దు.

ముందు కారును చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు చక్రాల దగ్గర చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎంత ఎత్తు ఉందో రాసుకో. తరువాత ముందుభాగాన్ని గట్టి స్టాండుల మీద నిలిపి, ఒక పక్క స్ప్రింగు, షాక్ అబ్జార్బరు తీసేసి, చక్రం తేలికగా పైకీ కిందికీ ఆడేలా చెయ్యి. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, ఇంతకు ముందు కొలిచిన ఎత్తుకు చక్రాన్ని తీసుకువచ్చి, దాన్ని సున్నా అనుకో. హబ్బుకు అతుక్కునే అయస్కాంతపు కాంబర్ గేజీ దొరుకుతుంది, ఖరీదు ఎక్కువేమీ కాదు. దాన్ని తగిలించి, అర అంగుళం చొప్పున మూడు అంగుళాల పైకి, మళ్లీ మూడు అంగుళాల కిందికి జాకీతో కదిపి, ప్రతి మెట్టులోనూ కాంబర్ రాసుకో. అదే సమయంలో హబ్బుకు ఒక చదునైన పలక బిగించి, దాని ముందు కొస, వెనుక కొస కారు మధ్య గీతకు ఎంత దూరంలో ఉన్నాయో కూడా కొలువు. ఆ రెండు దూరాల తేడా మారుతూ ఉంటే, స్టీరింగు కదపకపోయినా చక్రం తనంతట తానే తిరుగుతోందని అర్థం. దీన్ని బంప్ స్టీర్ అంటారు. ఎగుడుదిగుడు రోడ్డు మీద కారు అటూ ఇటూ ఎగబడడానికి కారణం అదే.

ఈ అంకెలను గళ్ల కాగితం మీద గీతగా వేసుకుంటే, నీ కారు మలుపులో ఏం చేస్తోందో కంటికి కనిపిస్తుంది. మార్పు పూర్తయ్యాక ఇదే కొలతను ఇదే పద్ధతిలో మళ్లీ తీసుకుని, రెండో గీతను మొదటి దాని పక్కన పెట్టు. చక్రం పైకి పోయేకొద్దీ కాంబర్ నెగటివ్ వైపు నడుస్తూ ఉంటే పని ఫలించినట్టే. బంప్ స్టీర్ గీత మునుపటి కంటే చెడితే, టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) బయటి కొస ఎత్తును సరిచేసే భాగాలు దొరుకుతాయి. కానీ కొలవకుండా వాటిని కొనవద్దు.

స్ప్రింగు తీయడం గురించి ఒక పెద్ద హెచ్చరిక చెప్పాలి. మన ఊళ్లో నువ్వు చూసిన పాత అంబాసిడర్ ముందుభాగంలో చుట్ల స్ప్రింగు ఉండేది కాదు, టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉండేది. కాబట్టి బెజవాడ ఆటోనగర్‌లో మీ నాన్నగారి పక్కన నిలబడి నేర్చుకున్న పని ఇక్కడ పూర్తిగా అక్కరకు రాదు. మస్టాంగ్ స్ప్రింగు బాల్ జాయింట్ కంటే లోపలి వైపు, ఆర్మ్ మీద కూర్చుంటుంది కనుక, చక్రం మీద పడే బరువు కంటే ఎక్కువ బలంతోనే నొక్కుకుని ఉంటుంది. అది ఒక్కసారి విడుదలైతే మనిషి ప్రాణానికే ముప్పు. షాక్ అబ్జార్బరును టవర్ పైనుంచి తీసేసి, ఆ దారిలో స్ప్రింగు లోపలికి దించి నొక్కే కంప్రెసర్‌నే వాడు. రెండు పక్కల కొక్కేలు తగిలించే మామూలు రకానికి ఆ టవర్‌లో చోటు చాలదు. దాని మరకు గ్రీజు పెట్టి, చేతి రెంచితో మెల్లగా తిప్పు. గాలి పీడనంతో నట్లు తిప్పే యంత్రాన్ని దాని దగ్గరికి రానివ్వవద్దు. నీ తల, చేయి ఏ క్షణంలోనూ స్ప్రింగుకు ఎదురుగా ఉండకూడదు. పక్కన మరో మనిషి లేకుండా ఈ భాగం మొదలుపెట్టవద్దు. ఈ ఒక్క మాట నా కోసం తప్పక పాటించు.

రంధ్రం గుర్తు పెట్టడానికి కాగితపు నమూనాలు వాడుతుంటారు. కాగితం తడికి సాగుతుంది, వంపు మీద ముడత పడుతుంది. నేను అల్యూమినియం పలకతో చేసుకుంటాను. పాత రెండు రంధ్రాల మధ్య దూరాన్ని ఆ పలక మీదికి ఎక్కించి, వాటికి సరిగ్గా ఒక అంగుళం కింద, ఎనిమిదో వంతు అంగుళం వెనక్కి కొత్త రంధ్రాల కేంద్రాలను గుర్తిస్తాను. కింద అంటే నేలకు నిలువుగా కాదు, టవర్ ముఖం వెంట కిందికి. ఆ కాస్త వెనక్కి జరపడం వల్ల బాల్ జాయింట్ వెనక్కి పోయి కాస్టర్, అంటే పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం, పెరుగుతుంది. ఇలాంటి పలకలు రెండింటిని ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి రంధ్రాలు వేసి, రెండోదాన్ని తిరగేసి రెండో పక్కకు వాడుకుంటే, కుడి ఎడమల మధ్య తేడా రాదు. పలకను పాత రంధ్రాలకు బోల్టులతో కదలకుండా బిగించి, కేంద్రాన్ని పంచ్‌తో కొట్టి, పలక తీసేసి, మొదట సన్నని డ్రిల్లుతో, తరువాత మెట్లు మెట్లుగా పెద్దవాటితో వెళ్లి, అర అంగుళం బోల్టుకు సరిపోయే 17/32 అంగుళాల డ్రిల్లుతో ముగించు. వేగం తగ్గించి, నూనె వేస్తూ, డ్రిల్లు టవర్ ముఖానికి నిటారుగా ఉందో లేదో ప్రతిసారీ చూసుకో. అంచులను ఆకురాయితో నునుపు చేసి, బయటపడిన ఇనుముకు, పాత రంధ్రాల అంచులకు కూడా, తుప్పు పట్టకుండా రంగు వెయ్యి.

కుడి ఎడమలు సమానంగా ఉండాలని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి 1965 కారుకు ఈ పని నేను చేయలేదు, ఒక షెడ్డులో చేయించాను. వాళ్లు నమూనా ఏదీ లేకుండా టేపుతో కొలిచి రంధ్రాలు వేశారు. బ్రేకు వేసినప్పుడల్లా కారు కుడికి లాగేది. బ్రేకులు మార్పించాను, టైర్లు మార్పించాను, స్టీరింగు పెట్టె విప్పించాను. ఏడాది తరువాత ఆర్మ్‌లు విప్పి కొలిస్తే, కుడి పక్క రంధ్రాలు ఎడమ పక్కవాటి కంటే ఎనిమిదో వంతు అంగుళం తక్కువ ఎత్తులో ఉన్నాయి. ఆ రంధ్రాలను వెల్డింగుతో పూడ్చి, సాన పట్టి, మళ్లీ వేయడానికి రెండు వారాలు పట్టింది. అప్పటి నుంచే ఈ పలకల పద్ధతిని పట్టుకున్నాను.

ఒక అంగుళం మంచిదైతే రెండు అంగుళాలు ఇంకా మంచిది కదా అని నీ స్నేహితులు చెప్పవచ్చు. వినవద్దు. ఆర్మ్ ఇరుసు దిగేకొద్దీ, చక్రం వేలాడినప్పుడు బాల్ జాయింట్ కొమ్మ తన గిన్నె అంచుకు ఆనుకునే ప్రమాదం పెరుగుతుంది. అంగుళానికి మించి దించేవాళ్లు బాల్ జాయింట్ కోణాన్ని మార్చే చీల పలకలు వేస్తారు. అది పందెపు కార్ల దారి. రోజూ రోడ్డు మీద నడిపే నీ కారుకు అంగుళం చాలు. ఆ అంగుళం తరువాత కూడా, స్ప్రింగు లేకుండా ఆర్మ్‌ను పూర్తిగా కిందికి వేలాడదీసి, బాల్ జాయింట్ ఇంకా కొంచెం కదలగలుగుతోందో లేదో చేత్తో చూసి మరీ బిగించు. ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి అరిగిన బాల్ జాయింట్లు, కింది ఆర్మ్ బుష్షులు కూడా ఇప్పుడే మార్చెయ్యి. కింది ఆర్మ్ రబ్బరు బుష్షు బోల్టును మాత్రం కారు చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి పడి, త్వరగా చిరిగిపోతుంది.

స్ప్రింగు చుట్టు కోసి కారును ఇంకా దించాలని ఉత్తరం చివర అడిగావు. ఇప్పుడు వద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. అలాగే ముందు స్టెబిలైజర్ బారును (ఒరుగుడు తగ్గించే కడ్డీని) ఒక అంగుళం మందానికి పెంచడం, టవర్లను వెనుక గోడకు కలిపే ఒక్క ముక్క బ్రేసు వేయడం, రెండూ మంచి పనులే. బ్రేసును ఇప్పుడే వెయ్యి, అది టవర్లను కాపాడుతుంది. బారు సంగతి కారును ఒక నెల నడిపాక చూద్దాం.

ఇక అలైన్‌మెంట్. 1967 నుంచి ఫోర్డ్ ఈ పద్ధతిని మార్చి, కాంబర్ కోసం కింది ఆర్మ్ దగ్గర, తిప్పితే ఆర్మ్‌ను జరిపే ఎక్సెంట్రిక్ బోల్టు పెట్టింది. నీ 1966 కారులో మాత్రం పై ఆర్మ్ కడ్డీకీ టవర్‌కూ మధ్య పెట్టే షిమ్ములతోనే (పలుచని రేకు ముక్కలతోనే) కాంబర్, కాస్టర్ రెండూ సరిచేయాలి. రెండు బోల్టుల దగ్గరా సమానంగా షిమ్ములు తీస్తే కాంబర్ నెగటివ్ వైపు పోతుంది. ముందు బోల్టు దగ్గర మాత్రమే షిమ్ము కలిపితే కాస్టర్ పాజిటివ్ వైపు పెరుగుతుంది. పాత పుస్తకంలో ఉన్న కాస్టర్ అంకెలు ఆనాటి బయాస్ ప్లై టైర్ల కోసం రాసినవి. రేడియల్ టైర్లకు కాస్టర్ రెండు నుంచి మూడు డిగ్రీలు పాజిటివ్, కాంబర్ అర డిగ్రీ నెగటివ్, టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) మొత్తం ఎనిమిదో వంతు అంగుళం పెట్టించు. నీ కారుకు పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి కాస్టర్ మూడు డిగ్రీలు దాటితే పార్కింగులో చేతులు నొప్పెడతాయి. టో-ఇన్‌ను అన్నిటికంటే చివర సరిచేయించు, ఎందుకంటే కాంబర్ కదిపిన ప్రతిసారీ అదీ కదులుతుంది. అలైన్‌మెంట్ షాపులో కుర్రవాళ్లు కంప్యూటరులో ఉన్న పాత అంకెలనే పెట్టబోతారు. నీ అంకెలను కాగితం మీద రాసి ఇచ్చి, పని అయ్యేదాకా అక్కడే నిలబడు.

మొదటిసారి బయటికి తీసినప్పుడు ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగు స్థలంలో మెల్లగా నడుపు. రెండు పక్కలా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడు. గట్టిగా బ్రేకు వేసి, కారు నేరుగా ఆగుతోందో లేదో గమనించు. వంద మైళ్ల తరువాత ఆర్మ్ బోల్టులను షాప్ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో మళ్లీ సరిచూడు. అయిదు వందల మైళ్ల తరువాత టవర్ల మీద కొత్త పగుళ్లు ఏమైనా వచ్చాయేమో చూసి, ముందు రెండు టైర్ల అరుగుదల లోపలా బయటా సమానంగా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకో.

మొదటి పక్క స్ప్రింగు తీసి కొలతలు వేసుకున్నాక, గళ్ల కాగితం మీది గీతను ఫోటో తీసి నాకు పంపు. నేను దాన్ని చూసి మాట్లాడేదాకా డ్రిల్లు ముట్టుకోవద్దు. నా అల్యూమినియం పలకలు రెండింటినీ ఈ వారమే పోస్టులో పంపుతున్నాను. వాటి రంధ్రాలను నీ టవర్ రంధ్రాలతో పోల్చి చూసుకుని, తేడా కనిపిస్తే వాటిని పక్కన పెట్టి, నీ కొలతలతో కొత్తవి చేసుకో. అత్తయ్య మిమ్మల్ని అడిగినట్టు రాయమంది. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ మేనమామ